గాడిద నోరు మూయించిన మహానుభావులకు

చిన్నప్పుడు మనం ప్రాణం పెట్టి చూసిన కార్టూన్‌ను మళ్ళీ కొత్తగా తీస్తే, అది ఎంత చెత్తగా ఉంటే లోకానికి అంత మేలు! ఈ మాట వేళాకోళానికి అనడం లేదు. కాఫీ కూడా ముట్టకుండా ఒంటరిగా కూర్చుని, బాగా ఆలోచించి తేల్చిన సంగతి.

మీలో కొందరికి అప్పుడే ఒళ్ళు మండి ఉంటుంది. నాకు తెలుసు. 'నక్షత్రాల తపాలా' కొత్త సిరీస్ వచ్చినప్పటి నుంచి మెక్సికో నగరంలో ఒళ్ళు మండనివాళ్ళు లేరు. టాక్సీవాడు మండిపడుతున్నాడు, పళ్ళ డాక్టరు మండిపడుతున్నాడు. మొన్న మా చర్చిలో పాదిరి గారు క్షమాగుణం మీద ప్రసంగం మొదలుపెట్టి, ఆ సిరీస్ తీసినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆగి, మంచినీళ్ళు తాగి, వేరే విషయంలోకి వెళ్ళిపోయారు.

అయ్యా, అమ్మా, కాస్త శాంతించి నా మాట వినండి.

పాత సిరీస్ గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా మరిచిపోయినవాళ్ళ కోసం చెబుతాను. బడి నుంచి వచ్చి, యూనిఫాం విప్పకుండా, చాక్లెట్ పాలలో తీపి రొట్టె ముంచుకు తింటూ చూసేవాళ్ళం. హారు అనే కుర్రాడు గ్రహం నుంచి గ్రహానికి ఉత్తరాలు పంచుతాడు. ఆ ఉత్తరాల మూటలు మోసేది సెరాపియో అనే గాడిద. హారు మంచివాడు, ధైర్యవంతుడు, అందుకే వాడు ఏం మాట్లాడేవాడో ఎవరికీ గుర్తులేదు. మనం కూర్చున్నది గాడిద కోసం. అది ఒక్క క్షణం నోరు మూసేది కాదు. మోకాళ్ళ నొప్పులు, ఇంటి కిరాయి, పక్కింటివాళ్ళ కోళ్ళు, గ్రహశకలాల మధ్య గాలి తగిలి పట్టిన జలుబు, అన్నిటి మీదా సణుగుడే. సణిగి సణిగి చివరికి మూట వీపుకెత్తుకుని ప్రతి ఎపిసోడ్‌లోనూ ఒకే మాట అనేది.

"మోస్తాను. సంతోషంగా మాత్రం మోయను."

ఈ ఒక్క మాట మీద ఈ ఖండంలో ఎన్ని ఆఫీసులు నడుస్తున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? మా పెళ్ళిలో ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని పాదిరి గారు అడిగిన ప్రశ్నకు మా ఆయన ఫెర్మిన్ ఇదే సమాధానం చెప్పాడు. చర్చి అంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఇప్పుడొక రహస్యం. మా పోర్తాలెస్ పేటలో ఇది అందరికీ తెలుసు, మిగతా ఖండానికే తెలియదు. జపాన్‌లో తీసిన అసలు కార్టూన్‌లో ఆ గాడిద మాట్లాడదు! గడ్డి నములుతుంది, అంతే. బొమ్మలు వేసేవాళ్ళు పని తగ్గించుకోవడానికి అవే నాలుగు బొమ్మలు తిప్పి తిప్పి వాడారు. ఆ కార్టూన్ స్పానిష్ డబ్బింగ్ కోసం మా ఊరికి వచ్చింది. ఇక్కడ చేసిన డబ్బింగే ఖండమంతా చూస్తుంది. స్క్రిప్టులో గాడిదకు డైలాగు లేదు. తెర మీద చూస్తే గాడిద నోరు ఆగకుండా ఆడుతోంది. మా డబ్బింగ్ వాళ్ళకు ఒకటే నియమం, నోరు కదిలితే మాట ఉండాలి. అనువాదం చేసినవాడు కాగితం ఎక్కడో పారేశాడని డైరెక్టరు అనుకున్నాడు. ఎపిసోడ్ ఆ సాయంత్రమే వెళ్ళాలి. గుంపు సీన్లలో "దొంగ, దొంగ" అని అరవడానికి పిలిచిన ఒక పడుచువాడు మూల నిలబడి ఉన్నాడు. పేరు అమాదో కిరోస్.

"ఒరేయ్ అమాదో, ఆ గాడిద నోట్లో ఏదో ఒకటి కుక్కు," అన్నాడు డైరెక్టరు.

స్క్రిప్టులో లేకుండా కుక్కే మాటలకు ఇక్కడి నటులు పెట్టుకున్న పేరు సాసేజి. ఇంట్లో ఏ మాంసం మిగిలితే అది పేగులో కూరడమే కదా సాసేజి అంటే. అమాదో తన దగ్గరున్నది కూరాడు. ప్వేబ్లాలో ఉండే వాళ్ళ పెద్దమ్మ పొద్దున లేచింది మొదలు సణిగే సణుగుడంతా తెచ్చి గాడిద నోట్లో పెట్టాడు. ఆవిడ మోకాళ్ళు, ఆవిడ కిరాయి, ఆవిడ పక్కింటి కోళ్ళు. ఒక పొరపాటు వల్ల, ఒక పెద్దమ్మ పుణ్యాన, ఖండమంతా ఒక గాడిదకు అభిమాని అయింది.

ఆ అమాదోయే, ఇప్పుడు గౌరవంగా దోన్ అమాదో, మా లోగిలిలోనే ఉంటాడు, బట్టలుతికే తొట్ల మీది గదిలో. ఇప్పుడు పెద్దవాడు, బట్టతల, ఒంటరివాడు. మా వీధిలో ఆయన పేరు సెరాపియో. కూరగాయల కొట్టులో ఆ ఒక్క మాట అంటే కొత్తిమీర కొసరు వేస్తారు.

సిరీస్ మళ్ళీ వస్తోందని పోస్టర్లు పడిన రోజు ఆయన సిగరెట్లు మానేశాడు. మర్నాటి నుంచి తెల్లవారగానే మేడ మీద ఉప్పునీళ్ళలో నిమ్మకాయ పిండి పుక్కిలించడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకు లోగిలంతా లేచేది. ఒక్కరూ విసుక్కోలేదు. కింద వాటాలో కుట్టుపని చేసే దోన్యా చెలో అయితే ఉన్ని మఫ్లరు అల్లి పట్టుకెళ్ళింది.

"ఇది చుట్టుకో పెద్దాయనా. గొంతు నీ ఒక్కడిదీ కాదు," అంది.

"ఇంత ఎండలో మఫ్లరేంటి చెలో? చూసినవాళ్ళు గాడిద అనుకుంటారు."

"అనుకోవాలనే కదా మా తాపత్రయం."

కంపెనీ నుంచి ఫోన్ రాలేదు. వారాలు గడిచినా రాలేదు. మోగిందల్లా బ్యాంకువాళ్ళు, క్రెడిట్ కార్డు కావాలా అని. ఆఖరికి చెలో నా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"నువ్వు పేపర్లో రాస్తావు కదమ్మా. నీకు భయపడతారు. ఒక్కసారి కంపెనీకి ఫోన్ చెయ్యి."

"మా పిల్లే నాకు భయపడదు చెలో."

అయినా చేశాను. ఫోన్ ఎత్తిన కుర్రాడు ఎంత మర్యాదస్థుడంటే, గొంతు వినగానే పని కాదని నాకు తెలిసిపోయింది.

"మేడమ్, అసలు కార్టూన్‌లో గాడిద మాట్లాడదండి. ఈసారి మేం అసలుకే కట్టుబడి ఉన్నాం."

"మాట్లాడకపోవడమేంటి బాబూ? నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ మాట్లాడుతూనే ఉంది కదా."

"అదొక పొరపాటండి. సరిచేశాం."

సరిచేశారట! పని పడితే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకుని అరవకే తల్లీ అని బతిమాలుకున్నాడు. వీళ్ళు ఆ కాళ్ళ వైపైనా చూడకుండా నోరు మూయించారు. మరి ఆ సంగతి ఆయనకు ఒక్క మాట చెప్పాల్సింది కదా అన్నాను. ఎవరికండి అన్నాడు. గాడిదకి అన్నాను. నా అభిప్రాయం నమోదు చేసుకున్నానని చెప్పి, ఈ సంభాషణకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడిగాడు.

దోన్ అమాదో మెట్ల మీద గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ఎలాగో చెప్పేశాను.

"మంచిదే," అన్నాడు. "డైలాగులు బట్టీపట్టే బాధ తప్పింది."

అని, పుక్కిలించాల్సిన ఉప్పునీళ్ళు గటగటా తాగేశాడు. ముఖం కూడా చిట్లించలేదు. ఎంతైనా నటుడు.

ఇక సిరీస్ వచ్చింది. దానివల్ల కలిగిన మేళ్ళు చెప్పమంటారా? గ్వాదలహారాలో ఉన్న మా అక్కకూ నాకూ మా అమ్మమ్మ మొక్కజొన్న పులుసు కుండ ఎవరిదనే విషయంలో చాలాకాలంగా మాటల్లేవు. మొదటి ఎపిసోడ్ అయిన వెంటనే ఫోన్ చేసింది. "చూశావా?" అంది. "చూశాను," అన్నాను. ఇద్దరం మనసారా తిట్టుకున్నాం, కంపెనీని. కుండ ఊసే రాలేదు. ఏ పెద్దమనిషి చేయగలిగాడు ఇంతటి రాజీ?

మా అమ్మాయి రెనాతా సంగతి చూడండి. కొత్త హారుకు మనసులో ఏదో పాత గాయం ఉంది. కిటికీ దగ్గర నిలబడి నక్షత్రాలను చూస్తాడు. మూడో ఎపిసోడ్ దాకా ఒక్క ఉత్తరం పంచడు. అలా చూసి చూసి మా పిల్ల తనంతట తానే లేచి వెళ్ళి లెక్కల పుస్తకం తెరిచింది. దేశంలో ఏ తల్లికైనా దక్కిందా ఈ భాగ్యం? పాత సిరీస్ బాగుండబట్టే కదా మన లెక్కలు ఇలా ఏడిశాయి!

ఇంకా ఉంది. "మా రోజుల్లో ఎంత బాగుండేది" అంటే పిల్లలు నవ్వేవాళ్ళు. ఇప్పుడు మనం చెప్పనక్కర్లేదు. టీవీ పెట్టి ఊరుకుంటే చాలు, ఆ మాట వాళ్ళే అంటున్నారు.

అన్నిటికంటే పెద్ద మేలు మా లోగిట్లో జరిగింది. మొదటి ఎపిసోడ్ ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. చెలో ఇస్త్రీ బల్ల వాకిట్లోకి లాగి దాని మీద టీవీ పెట్టాం. కరెంటు మా వంటింట్లోంచి. దోన్ అమాదో తలనొప్పి, రానన్నాడు. తర్వాత తన కుర్చీ తనే మోసుకుంటూ దిగి, అందరికీ వెనగ్గా, తొట్ల పక్కన కూర్చున్నాడు.

తెర మీదికి గాడిద వచ్చింది. ఎంత అందంగా ఉందో! కంప్యూటర్ల మహిమ, వెంట్రుక వెంట్రుకా విడివిడిగా ఊగుతోంది. నోట్లో గడ్డి. నములుతోంది. నములుతూనే ఉంది.

"అమ్మా, సెరాపియోకి ఏమైంది? జ్వరమా?" అంది రెనాతా.

వెనక్కి తిరిగి చూసే ధైర్యం మాకెవరికీ లేదు. అప్పుడు తొట్ల పక్క నుంచి గొంతు వచ్చింది.

"గడ్డి చప్పగా ఉంది. ఉప్పు లేదు, కారం లేదు, నిమ్మకాయ పిండే దిక్కు లేదు. ఎవరు వండారిది?"

గాడిద నోరు కరెక్టుగా ఆ మాటలతోనే ఆడింది. ఆడదా మరి, జీవితమంతా ఆయన చేసిన పని అదే.

"ఈ కుర్రాడెందుకు ఏడుస్తున్నాడు? మూట మోసేది నేను. మోకాళ్ళు నావి. కిరాయి నాది. ఏడుపు వీడిదా? అయినా ఇన్ని వెంట్రుకలు నాకెప్పుడు మొలిచాయి? అద్దం చూసుకున్నప్పుడు ఒక్కటీ కనబడలేదే."

చెలో నవ్వు ఆపుకోలేక ఇస్త్రీ బల్ల పట్టుకుంది. టీవీ ఊగింది. ఇద్దరు పరుగెత్తి పట్టుకున్నారు. ఇంతలో తెర మీద గాడిద మూట వీపుకెత్తుకుంది. నవ్వులు ఆగిపోయాయి. దోన్ అమాదో కూడా ఒక్క క్షణం ఆగాడు. ఎక్కడ ఆగాలో ఆయనకు తెలుసు.

"మోస్తాను," అన్నాడు.

మిగతాది ఆయన్ను అననివ్వలేదు. లోగిలంతా కలిసి అనేశాం.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే వరస. పక్క వీధివాళ్ళు కుర్చీలు తెచ్చుకుంటున్నారు. అంత కష్టపడి వెంట్రుకలు వేశారు కాబట్టి కంపెనీవాళ్ళు గాడిదను తెగ చూపిస్తారు. చూపించినంతసేపూ అది నములుతుంది. నమిలినంతసేపూ దోన్ అమాదోకు చేతినిండా పని. కొత్త సిరీస్ ఏ కాస్త బాగున్నా ఈ వైభవం మాకు దక్కేదా? అందుకే కంపెనీవారికి చేతులెత్తి మొక్కాను, దయచేసి దీన్ని బాగుచేయకండి అని.

విన్నారా? వినలేదు. పోయినవారం ప్రకటించారు. అభిమానుల కోరిక మన్నించి రెండో సీజన్‌లో గాడిదను మాట్లాడిస్తారట. సణుగుడు కూడా ఉంటుందట, పాతదానిలాగే. గొంతు మాత్రం ఒక యువ గాయకుడిది. ఆకాశంలో చుక్కల్లా లెక్కపెట్టలేనంతమంది ఫాలోవర్లున్నవాడు.

వాడు "మోస్తాను" అనే చిన్న వీడియో విడుదల చేశారు. రెనాతా ఫోన్‌లో దోన్ అమాదో చూశాడు. మేమందరం ఆయన ముఖం చూశాం.

"గొంతు బాగుంది," అన్నాడు. "పాపం, కుర్రాడికి మోకాళ్ళ నొప్పులు ఇంకా రాలేదు."

మర్నాడు పొద్దున పుక్కిలింత వినబడలేదు. లోగిలంతా ఆలస్యంగా లేచింది. ఫెర్మిన్‌కు బస్సు తప్పిపోయింది. ఆ తర్వాతి రోజు మళ్ళీ వినబడింది, కానీ సన్నగా. మేడ ఎక్కి చూశాను. దోన్ అమాదో గది తలుపు వేసుకుని లోపల పుక్కిలిస్తున్నాడు.

సరే, ఇక ఈ వేషం చాలు. నా కోపం వెంట్రుకల మీద కాదు. హారు ఏడుపు మీద కాదు. ఆ గాయకుడి మీద అసలే కాదు, వాడి అమ్మకు వాడు ముద్దు. పాతదాన్ని మళ్ళీ బతికిస్తున్నామని ఊరంతా పోస్టర్లు వేస్తారు, బతికే ఉన్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగరు. నాకు మండేది అక్కడ.

కంపెనీవారూ, ఆయన ఫోన్ నంబరు మారలేదు. మీ పాత డబ్బింగ్ మేనేజర్లలో ఎవరినడిగినా చెబుతారు. మధ్యాహ్నం కునుకు తీస్తాడు, కాస్త పొద్దు వాలాక చేయండి. క్రెడిట్ కార్డు కోసం కాదని ముందే చెప్పండి, లేకపోతే పెట్టేస్తాడు. మొదట సణుగుతాడు. ముసలివాణ్ణి, నా వల్ల కాదు, మోకాళ్ళు, మెట్లు, మీ స్టూడియో ఏసీకి జలుబు చేస్తుంది అంటాడు. అననివ్వండి. వసుదేవుడు కాళ్ళే పట్టుకున్నాడు, మీరు ఫోన్ పట్టుకుని కూర్చుంటే చాలు. సణుగుడంతా అయ్యాక ఆయన ఏమంటాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఈ ఖండమంతటికీ తెలుసు.

అందులో రెండో ముక్క మాత్రం ఈసారి నమ్మకండి.