హౌస్‌ఫుల్ భద్రయ్య

భద్రయ్యకు తెలివి ఎక్కువ. ఆ సంగతి సీతాఫల్‌మండిలో ఆయన తప్ప ఇంకెవరూ ఒప్పుకోరు.

ముందు గొడవలు, ఆ తర్వాత పోలీస్ యాక్షన్, ఆపైన కర్ఫ్యూ. ఆయన రేకుల టాకీసుకు తాళం పడి ఆర్నెల్లయింది. ఎలుకలు తెర అంచు కొరికేశాయి. కర్ఫ్యూ ఎత్తేశాక తాళం తీసి, తెరకు మాసిక వేయించి, పగటి ఆట మొదలుపెట్టాడు. నలుగురొచ్చారు. అందులో ఒకడు నిద్రపోవడానికే వచ్చానని నిజం చెప్పాడు.

"జనానికి భయం," అన్నాడు భద్రయ్య అన్నం ముందు కూర్చుని. "పక్కోడు ఆటకు పోయిండంటే వీడు సుత పోతడు. రేపటి సంది హౌస్‌ఫుల్ బోర్డు పెడుతున్న."

భార్య సుమిత్ర పప్పు గరిటె ఆపింది. "లోపల ఎవరుంటరు?"

"ఎవ్వరుండరు."

"మరి ఎట్ల నిండింది?"

"నీకు యాపారం తెల్వదు."

"నీకు తెలుసు కాబట్టే నాలుగు కుర్చీలు నిండినయ్."

మర్నాడు మారేడ్‌పల్లి నుంచి ఒక కుటుంబం రెండు జట్కాల్లో వచ్చింది. బోర్డు చదివింది. మళ్లీ జట్కాలెక్కింది. భద్రయ్య పంచె ఎగ్గట్టి వెంటపడ్డాడు.

"అయ్యా, లోపల ఖాళీ ఉంది, రాండ్రి."

"ఖాళీ ఉంటే నిండిందని ఎందుకు రాసినవ్?" అన్నాడు జట్కాలోని పెద్దాయన.

"మీరు వస్తరని."

పెద్దాయన జాలిగా చూశాడు. "గొడవలల్ల మతి పోయినట్టుంది పాపం," అని బండివాడితో, "జెర జల్ది పోనియ్," అన్నాడు.

"ఎంతమందొచ్చిన్రు?" అని సాయంత్రం సుమిత్ర అడిగింది.

"చానమంది."

"లోపలికెంతమంది పోయిన్రు?"

భద్రయ్య మజ్జిగ అడిగాడు.

అప్పుడు పక్కింట్లో బట్టలు కుట్టే సర్దార్ బీ అక్కడే ఉంది. "మూడు నెలల సంది నేను గల్లీ దాటలే," అంది మెల్లగా. "మా ఇంట్ల మగోళ్లకు భయం, పంపరు. పదిమంది ఆడోళ్లం కలిసి పోతే ఊకుంటరేమో."

"పదిమందేంది ఆపా," అంది సుమిత్ర. "బేస్తవారం ఆట మొత్తం ఆడోళ్లకే."

"అది టాకీసా, పేరంటమా?" అని భద్రయ్య నవ్వాడు. ఆయనొక్కడే నవ్వాడు.

ఆ ఇద్దరూ మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. బేస్తవారం మధ్యాహ్నం బురఖాలు, పట్టుచీరలు, చంకల్లో పిల్లలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు గుంపులు గుంపులుగా వచ్చాయి. కుర్చీలు చాలక చాపలు పరిచారు.

భద్రయ్య నల్లకోటు తొడిగాడు. ఈ ఉపాయం ఎవరిదో జనానికి నాలుగు ముక్కలు చెప్పాలని ఆయన ఉద్దేశం. గేటు దగ్గర స్టూలు మీదున్న సర్దార్ బీ చెయ్యి అడ్డం పెట్టింది.

"మగోళ్లను ఇడువొద్దన్నరు సేఠ్."

"ఎవరన్నరు?"

"మాలిక్."

"మాలిక్‌ను నేను."

"అవునా," అంది ఆమె, చెయ్యి తీయకుండానే.

"మరి మిషను తిప్పే సామ్యూల్ మగోడు కాదా?"

"ఆయన బొమ్మ చూపిస్తడు. మీరేం చేస్తరు?"

అంతలో సుమిత్ర బయటికొచ్చి ఏడుస్తున్న పసిపాపను ఆయన చేతుల్లో పెట్టింది. "మంచిగొచ్చినవ్. ఈ పిల్లల ఏడుపుకు బొమ్మల మాటలు ఇనపడ్తలేవు."

ఇంటర్వెల్‌కు టిక్కెట్ల గదిలో ఆరుగురు పిల్లలయ్యారు. ఒకరు కోటు తడిపారు. లోపల్నుంచి నవ్వులు రేకులు అదిరేలా వినిపిస్తున్నాయి.

ఆ సందడికి దారినపోయే మనిషొకడు కిటికీ దగ్గర ఆగాడు. "రేపు మగోళ్లకు సుత ఆట ఉందా సేఠ్?"

భద్రయ్య పాపను ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"మా ఇంట్ల అడిగి చెప్త," అన్నాడు.