కదలని కారుకు కమ్మని సంగీతం

కారు ఎక్కడికో వెళ్ళడానికి అని నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. కారు ఉన్నది వెళ్ళడానికి కాదండీ, విప్పడానికి! నమ్మకం లేకపోతే విజయవాడ ఆటోనగర్‌లో, కార్లకు స్పీకర్లు బిగించే బాలశౌరి షెడ్డుకు వెళ్ళి చూడండి. మొన్నమొన్నటిదాకా మా మనవరాలు సింధూరి కారు అక్కడే ఉండేది. తలుపులు ఊడి, సీట్లు బయటికొచ్చి, బొడ్డు కోయని బిడ్డలా వైర్ల మధ్య పడి ఉండేది.

కొన్న కారులో పాటలు రావా అని మీరడుగుతారు. నేనూ అడిగాను.

"అవి పాటలు కావు అమ్మమ్మా, శబ్దాలు" అంది సింధూరి.

కంపెనీవాళ్ళు ఇచ్చిన స్పీకర్లు పీకేసి విదేశీ స్పీకర్లు బిగించాలట. వాటికి యాంప్లిఫయరు. దాన్ని అదుపులో పెట్టడానికి ప్రాసెసరు. దుమ్ముదుమ్మని మోగడానికి డిక్కీలో రుబ్బురోలంత సబ్‌ఊఫరు. ఇవన్నీ అయ్యాక బాలశౌరి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ట్యూనింగ్ చేస్తే, అప్పుడది పాట!

ట్యూనింగ్‌కు ఎన్నాళ్ళు పడుతుంది నాయనా అన్నాను. అతను షెడ్డు రేకుల కేసి చూశాడు. "అది చెప్పలేం మామ్మగారూ. చెవికి తృప్తి రావాలి గదండీ."

ఆహా, ఎంత మంచి మాట! మనిషి చెవికి తృప్తి ఎప్పుడొచ్చింది గనక?

నా సంతోషానికి కారణం చెప్పాలి. సింధూరి నా కూతురి కూతురు. కాలేజీ రోజుల నుంచీ పటమటలో నా దగ్గరే ఉంది. ఉద్యోగమూ నా డైనింగ్ టేబుల్ మీదే చేసుకునేది. ఇప్పుడు ఆఫీసువాళ్ళు ఇంట్లో కూర్చుంది చాలు, విశాఖపట్నం రమ్మన్నారు. వెళ్ళడానికి కారు కొంది. "పాట సరిగ్గా లేని కారులో అంత దూరం పోను. ట్యూనింగ్ అవగానే బయల్దేరతా" అంది.

అంటే, ట్యూనింగ్ కానంతకాలం బయల్దేరదు! ఇంతకన్నా వరం ఏ దేవుడిస్తాడండీ?

నా జన్మలో నావాళ్ళను తీసుకెళ్ళిన బండ్లన్నీ ఎంత చక్కగా స్టార్టయ్యాయో మీకు తెలియదు. మా అక్కను కాపురానికి తీసుకెళ్ళిన చల్లపల్లి బస్సు ఒక్క తిప్పుకే అందుకుంది. నా కూతురు ఎక్కిన రైలు టైముకే కదిలింది. మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన వ్యాను అయితే ఇంజను ఆపనే లేదు. ఒక్కటంటే ఒక్కటి మొరాయించలేదు! ఆ రోజుల్లో ఇలాంటి ఆడియో సిస్టమ్ లేకపోవడం వల్ల ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో!

అందుకే ప్రభుత్వం ప్రతి కారుకూ దీన్ని తప్పనిసరి చేయాలని నా మనవి. కార్లన్నీ షెడ్లలో ఉంటే పెట్రోలు ఎంత మిగులుతుంది! ప్రమాదాలుండవు. చలాన్లుండవు. బెంజి సర్కిల్లో నడిమధ్యన చాప పరిచి వడియాలు పెట్టుకోవచ్చు, ఎండకు ఎండ, చోటుకు చోటు!

నేను బడిలో చదువుకున్నదాన్ని కాదు. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదువుతూ అక్షరాలు పట్టుకున్నదాన్ని. కాబట్టి విప్పే పని మీద నాకు మొదటి నుంచీ గౌరవం. రోజూ టిఫిన్ క్యారియర్ పట్టుకుని షెడ్డుకు వెళ్ళి శ్రద్ధగా చూసేదాన్ని.

సబ్‌ఊఫరు కోసం స్టెప్నీ తీసేశారు. దారిలో పంక్చరైతే ఎలాగే అన్నాను. "పాటలు వింటూ కూర్చుంటా అమ్మమ్మా" అంది. ఎంత ముందుచూపు!

తలుపుల్లోపల నల్లటి జిగురు షీట్లు అతికించారు, బయటి శబ్దం లోపలికి రాకుండా. మంచిదే. బయట ఏముంది, హారన్లూ, ముసలివాళ్ళ జాగ్రత్తలూ!

తర్వాత బాలశౌరి స్టేజి కట్టాడు. గాయకుడు ముందు అద్దం మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినిపించాలట. నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టారు. నాకైతే ఆ గాయకుడు నా మోకాలి దగ్గర, తలుపు సందులో ఇరుక్కుని రక్షించమంటున్నట్టు వినిపించింది. అదే చెప్పాను.

"ట్యూనింగ్ డ్రైవర్ సీటుకే గదండీ" అన్నాడు బాలశౌరి. "దగ్గరున్న స్పీకరు పాట ముందొస్తది, దూరందేమో వెనకొస్తది. అందుకని దగ్గరున్నదాన్ని రవ్వంత ఆపుతామండి, దూరంది వచ్చేదాకా. అప్పుడు రెండూ కలిసి చెవిలో పడతాయి."

"ఎంతసేపు ఆపుతావు?"

"సెకనులో వెయ్యో వంతు లెక్కండి. ఎక్కువ ఆపితే పాట చెడిపోద్ది మామ్మగారూ."

దూరాన ఉన్నది వచ్చేదాకా దగ్గరున్నది ఆగడం! ఇన్నేళ్ళుగా నేను గుమ్మంలో చేస్తున్నది ఇదే కదా! దీనికింత ఖరీదైన ప్రాసెసరు ఉంటుందని తెలియక ఊరికే చేశాను.

ఇక ముడుపు సంగతి. తలుపులు విప్పి ఉన్న రోజునే, వాళ్ళిద్దరూ పులిహోర తింటుండగా, ఎడమ తలుపు డొల్లలో ఒక ఇనుప కడ్డీ కనిపించింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళలు మూటగట్టి దానికి వేలాడదీశాను. పిల్ల క్షేమంగా వెళ్ళి తిరిగొస్తే దుర్గమ్మకు సమర్పిస్తానని మొక్కు. మొక్కు పైకి చెప్పకూడదు కనుక చెప్పలేదు. అంతకన్నా భద్రమైన చోటు కారులో ఉందా, మీరే చెప్పండి!

తలుపులు బిగించారు. స్టేజి కట్టడం అయ్యాక, సబ్‌ఊఫరు కూడా కలిపి పాట పెట్టారు. సబ్‌ఊఫరు దుమ్మనగానే ఎక్కడో టకటక!

"రాటిల్. ఏదో వదులై కొట్టుకుంటోంది" అన్నాడు బాలశౌరి, ఇంటికి దొంగ వచ్చాడన్నట్టు.

నంబరు ప్లేటు విప్పాడు. టకటక. పై కప్పు లైనింగ్ దించాడు. టకటక. డ్యాష్‌బోర్డు ఊడదీశాడు. చివరికి పక్క సీట్లో ఉన్న నన్ను అనుమానంగా చూశాడు.

"మామ్మగారూ, ఏమనుకోకండి. మీవి కట్టుడు పళ్ళాండీ?"

"నా పళ్ళు నావే అబ్బాయ్. నీ తలకాయలో ఏదైనా కొట్టుకుంటోందేమో చూసుకో!"

ముడుపు ఎంత మహిమగలదండీ! క్షేమంగా తిరిగి రమ్మంటే, అసలు వెళ్ళనే వెళ్ళకుండా చూస్తోంది. రోజుకో భాగం విప్పుతున్నారు. రోజూ మా పిల్ల నాతో కలిసి భోంచేస్తోంది. కారు ఆడియో చిరకాలం వర్ధిల్లాలి!

ఇంతలో ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సోమవారం రాకపోతే ఇక రానక్కరలేదన్నారు. సింధూరి మొహం చిన్నబోయింది.

"వదిలెయ్ బాలశౌరి అన్నా. కారు ఇక్కడే ఉండనీ. నేను బస్సులో పోతా."

బస్సు! టైముకు కదిలే బస్సు! పైగా నా ముడుపు ఆటోనగర్‌లో, నా పిల్ల హైవే మీద!

"ఎడమ తలుపు విప్పు నాయనా" అన్నాను.

విప్పాడు. పసుపు మూట ఊగుతూ కనిపించింది. సింధూరి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"అమ్మమ్మా! వారం నుంచి ఆయన కారంతా పీకుతుంటే చూస్తా కూర్చున్నావా?"

"తెంపెయ్యమంటారా మేడమ్?" అన్నాడు బాలశౌరి.

"వద్దన్నా. నేను తిరిగొచ్చాక అమ్మమ్మే విప్పాలి. కదలకుండా కట్టు."

అతను మూట చుట్టూ ఫోమ్ చుట్టి, పైన నల్ల షీటు అతికించాడు. టకటక పోయింది. ఆ సాయంత్రానికే అందరి చెవులకూ తృప్తి వచ్చేసింది!

ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది. తలుపు మూసుకుంది. మెల్లగా వెళ్ళమనీ, ఏలూరు దాటాక ఫోన్ చెయ్యమనీ, ఇంకా ఏవేవో గేటు దగ్గర నిలబడి అరిచాను. బాలశౌరి పనితనం అమోఘం. ఒక్క ముక్క లోపలికి పోలేదు. పిల్ల పాటకు తలూపుతూ నవ్వింది.

సందు మలుపులో కారు ఆగింది. అద్దం దిగింది.

"ఏంటి అమ్మమ్మా, ఏదో అన్నావ్?"

"ఏం లేదే. పాట బాగుందన్నాను."

అద్దం పైకి లేచింది.

కనుక పాఠకులారా, కారు ఆడియో మీద నాకే ఫిర్యాదూ లేదు. శాస్త్రం ప్రకారం దగ్గరున్నది ఆగాలి, ఆగాను. ఎంతసేపు ఆగాలో మాత్రం బాలశౌరి నాకు సెట్ చేయడం మరిచిపోయాడు.