పైనుంచే వస్తున్నాయి

ఆ రోజు పైపుల మేస్త్రీ పనికి సెలవు పెట్టాడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కూడా పనికి వెళ్ళిన మనిషి, బొద్దింకల కోసం పూర్తి రోజు సెలవు పెట్టాడు. తొమ్మిదింటికి మొదలుపెట్టి పదింటికల్లా వాటి పని పట్టేసి, భార్య డ్యూటీ నుంచి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కాళ్ళు చాపుకుని కూర్చోవాలని అతని పథకం.

దీనికి కారణం ముందు రోజు మధ్యాహ్నం జరిగింది. అతని భార్య బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. భోజనాల వేళ పన్నెండు మంది ఆడవాళ్ళ మధ్య క్యారేజీ మూత తీస్తే, ఒక బొద్దింక తాపీగా బయటికొచ్చి, గిన్నె అంచు మీద నిలబడి, మీసాలు ఆడిస్తూ అందరినీ పేరుపేరునా పలకరించినట్టు చూసిందట. తలా కొంచెం పక్కకు జరిగారు, అంతే. మిగతా భోజనం ఆవిడ గోడవైపు తిరిగి కూర్చుని తిన్నట్టు నటించింది. ఇంటికొచ్చి చెప్పుల్లోంచి కాళ్ళు తియ్యకుండానే చెప్పేసింది.

“ఆ వంటింట్లో రేపట్నించి అవన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఎవరు కావాలో తేల్చుకో.”

“గంట పని,” అన్నాడు మేస్త్రీ.

స్నానాల గదిలో పంపు కారుతోందని చెప్పినప్పుడు కూడా గంట పనే అన్నాడు. అది మూడేళ్ళ కిందటి మాట. పంపు ఇంకా కారుతూనే ఉంది.

పొద్దున్నే సింకు ముందు గొంతుక్కూర్చుని ఆలోచించాడు. మందు పొడి ఇదివరకే చల్లి చూశాడు. అది తిని బొద్దింకలు ఒళ్ళు చేశాయి. సుద్దముక్కతో గీతలు గీస్తే వాటి మీదుగానే నడిచాయి. కనుక ఈసారి పనివాడిలా ఆలోచించాలనుకున్నాడు. ఆరో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి పాతికేళ్ళ పనిలో నేర్చుకున్నది ఒకటే, దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. గోడ చెమ్మగిల్లితే గోడని తిట్టకూడదు, పై ఇంట్లో చూడాలి. కారేది ఏదైనా పైనుంచే కారుతుంది.

అతను అలా అనుకుంటూ ఉండగానే, పైపు గోడలోకి దూరే కన్నం దగ్గర ఒక బొద్దింక కనబడింది. దాని తల కిందికి ఉంది. అంటే పైనుంచి దిగుతున్నట్టే. ఇంతకన్నా రుజువు ఏం కావాలి అనుకుని, టార్చి లైటు పట్టుకుని మూడో అంతస్తుకు ఎక్కాడు.

అక్కడ అద్దెకుండేది రిటైరైన టీచరమ్మ. ఒంటరి మనిషి. మేస్త్రీ కూతురు నాలుగేళ్ళుగా రోజూ సాయంత్రం ఆవిడ దగ్గరే చదువుకుంటోంది. రెండో అంతస్తులో ఏడో తరగతి లెక్క చెయ్యగలిగిన వాళ్ళు ఎవరూ లేరు మరి. ఇప్పుడు ఆ పిల్లకి పదో తరగతి, పరీక్షలకి రెండు నెలలే ఉంది. ప్యాసైతే ఆ వంశంలో పది దాటిన మొదటి మనిషి అవుతుంది. ఆవిడ ఏమీ తీసుకోదు. ఏదైనా కారితే మేస్త్రీ సంచి తగిలించుకుని వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు, అదే చదువుకు చెల్లు.

“టీచరమ్మగారూ, మీ ఇంట్లోంచి మాకు దిగుతున్నాయండీ.”

“నీళ్ళా?”

“నీళ్ళయితే నేనే చూసుకుందును. ఇవి కాళ్ళున్నవండి.”

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని అతని ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి మానుకుంది. “చూసుకో మేస్త్రీ, నీకు తెలియని ఇల్లా,” అని దారి ఇచ్చింది.

ఆవిడ వంటగది కడిగిన పలకలా ఉంది. అతను అల్మరాలన్నీ తీశాడు, గిన్నెలు దించాడు, చివరికి డబ్బాల మూతలు కూడా తీసి చూశాడు. చీమ కూడా లేదు. ఇంకొకడయితే క్షమాపణ చెప్పుకుని దిగిపోయేవాడు. కనబడే లీకు కన్నా కనబడని లీకు ప్రమాదమని అతనికి తెలుసు. పైపులు కింది నుంచి మీది దాకా పోయే డక్టుకు వంటగదిలో ఒక చిన్న తలుపు ఉంటుంది. అది తెరిచి, తల లోపల పెట్టి, టార్చి వేసి చూశాడు. చీకటి తప్ప ఏమీ లేదు. తలుపు మూసి గడియ పెట్టాననుకుని కిందికి వచ్చాడు. మూయడం మూశాడు గాని, గడియ పెట్టలేదు.

ఇక మిగిలింది పొగ పరీక్ష. పైపులో కన్నం ఎక్కడుందో తెలియకపోతే లోపలికి పొగ వదులుతారు, అది ఎక్కడ బయటికొస్తే కన్నం అక్కడ. బొద్దింకల దారి పట్టుకోవడానికి ఈ పద్ధతి వాడాలని ఏ బుద్ధి ఉన్నవాడికీ తోచదు, ఒక పైపుల మేస్త్రీకి తప్ప. ఖాళీ రంగుడబ్బాలో తడి గోనె ముక్కలు, పాత గుడ్డలు కుక్కి, కాస్త నూనె పోసి అంటించాడు. సింకు కింద అల్మరాలో తన పని సంచిని కొంచెం పక్కకు నెట్టి, డక్టులోకి పోయే కన్నం దగ్గర డబ్బా పెట్టాడు.

ఆ సంచి సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. పాతికేళ్ళుగా అతను ఏ ఇంట్లో ఏది ఊడదీసినా, పాత పంపు గాని, జనపనార గాని, తడిగుడ్డ గాని, పనికొస్తుందని దాన్లో పడేస్తాడు. ఒక్కసారి కూడా బోర్లించి దులిపింది లేదు. పారెయ్యమని భార్య అడిగినప్పుడల్లా “అందులో ఉన్నది నా అనుభవం” అనేవాడు.

పొగ లేచిన నిమిషానికి ఆ అనుభవమంతా కదిలింది. సంచి మూతి నుంచి, అడుగు నుంచి, కుట్ల సందుల్లోంచి బొద్దింకలు బిలబిలమంటూ బయటపడి, గోడ పట్టుకుని, కన్నంలో దూరి, పైపు వెంట పైకి పోయాయి. మేస్త్రీ కళ్ళారా చూశాడు. దిగడం లేదు, ఎక్కుతున్నాయి.

చూసినదాన్ని తలకి ఎక్కించుకునే లోపలే గంట మోగింది. నాలుగో అంతస్తులో అపార్టుమెంటు సెక్రటరీ గడ్డం గీసుకుంటూ ఉండగా వంటగది గాలి కిటికీలోంచి పొగ వచ్చింది. నాలుగేళ్ళ కిందట పట్టుబట్టి అగ్నిప్రమాదపు గంట పెట్టించిన మనిషి ఆయన. దాన్ని ఒక్కసారైనా వాడలేకపోయాననే బెంగతో ఉన్నాడు. ఎంతో ఇష్టంగా అద్దం పగలగొట్టి మీట నొక్కాడు. అయిదు నిమిషాల్లో జనమంతా కింద గేటు దగ్గరున్నారు, కొందరు జుట్టు నిండా సబ్బు నురగతో. సెక్రటరీ ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, చంకలో మీటింగు పుస్తకంతో దిగాడు. ఫైరింజను వచ్చింది. ఎవరో మంచి మనసుతో బట్టల ఫ్యాక్టరీకి ఫోను చేసి మేస్త్రీ ఇల్లు తగలబడుతోందన్నారు. భార్య పరుగున వచ్చింది. తోడుగా ఆ పన్నెండు మందీ వచ్చారు.

మంట ఎక్కడా లేదు. పొగ మాత్రం మూడో అంతస్తు నుంచి ఎక్కువగా వస్తోందని ఫైరు వాళ్ళు చూపించారు. సెక్రటరీ వాళ్ళతో పైకి వెళ్ళి, రెండు నిమిషాల్లో టీచరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అందరికీ వినబడేలా చెప్పాడు. డక్టు తలుపు బార్లా తెరుచుకుని ఉందట. వంటగది గోడలు కనబడటం లేదట, బొద్దింకలే కనబడుతున్నాయట. దిగి వచ్చి మేస్త్రీ ముందు నిలబడ్డాడు. రంగుడబ్బాను అప్పటికే అతను తప్పు ఒప్పుకుని చూపించాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. బొద్దింకల ముందు పొగ ఎంత.

“మేస్త్రీ, పైపుల సంగతి నీకు తెలిసినట్టు ఇక్కడ ఎవరికీ తెలీదు. నువ్వు చెప్పు. ఇవి ఎక్కణ్ణించి వస్తున్నాయి?”

భార్య అతనివైపే చూస్తోంది. ఆవిడ వెనక ఆ పన్నెండు మందీ చూస్తున్నారు. కొంచెం ఎడంగా, చేతిలో కళ్ళద్దాలు తుడుచుకుంటూ టీచరమ్మ నిలబడి ఉంది. పాతికేళ్ళుగా ప్రతి ఇంట్లో చెప్పిన మాటే అలవాటుగా నోటికొచ్చిందా, సిగ్గుకు భయపడి చెప్పాడా అనేది ఇప్పటికీ అతనికి తేలలేదు.

“పైనుంచేనండి,” అన్నాడు.

ముందు రోజు మధ్యాహ్నం నుంచి వంగి ఉన్న భార్య తల ఆ మాటతో లేచింది. పన్నెండు మందిలో ఒకావిడ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. టీచరమ్మ అద్దాలు పెట్టుకుంది.

“అతను పనితనం తెలిసిన మనిషి,” అంది మెల్లగా. “పైనుంచే అన్నాడంటే అలాగే రాసుకోండి.”

అలాగే రాసుకున్నారు. ఇంటి ఓనరుకు కబురు పోయింది. పదో రోజున ఆవిడ ఖాళీ చేసింది. పుస్తకాల పెట్టెలు మోసింది మేస్త్రీయే. ప్రతి పెట్టెతో ఒకసారి చెప్పేద్దామనుకున్నాడు. పెట్టెలు అయిపోయాయి.

రెండు వారాలకు ఫ్యాక్టరీలో భార్య క్యారేజీ మూత తీసింది. మళ్ళీ మీసాలు. ఆ సాయంత్రం ఆవిడ కేకలు వెయ్యలేదు, అదే అతన్ని భయపెట్టింది. సింకు కిందికి వంగి సంచి లాగుతూ ఒక్క మాట అడిగింది.

“ఇప్పుడు పైన ఎవరున్నారయ్యా?”

సంచిని కిందికి మోసుకెళ్ళి గేటు బయట బోర్లించింది. ముత్తాతల నుంచి మునిమనవల దాకా బయటికొచ్చాయి. కూతురు మెట్ల మీద నిలబడి చూసింది. ఆ పిల్ల ఇప్పుడు చదువుకి రెండు బస్సులు మారి వెళ్తోంది. తిరిగొచ్చేటప్పుడు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతుంది. తండ్రిని ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఆదివారం మేస్త్రీ కూడా రెండు బస్సులు మారాడు. టీచరమ్మ కొత్త ఇల్లు ఒక్క గది, అయిదో అంతస్తు. గుమ్మంలోనే నిలబడి, సంచి సంగతి, పైకి ఎక్కడం చూసిన సంగతి, గడియ సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పాడు.

“తెలుసు,” అంది ఆవిడ.

“ఎప్పట్నించండి?”

“నాలుగేళ్ళయింది. మొదటిసారి మా సింకు బాగుచేసి వెళ్ళావే, వెనకాల రెండు దిగబడ్డాయి. నువ్వు వచ్చి వెళ్ళినప్పుడల్లా వంటిల్లు కడుక్కునేదాన్ని.”

“మరి నాతో ఒక్క మాట అనలేదేం?”

“సాయానికొచ్చిన వాడి ముఖాన ఎలా అంటాం? చిన్నబుచ్చుకుంటావనుకున్నాను.”

“పోనీ ఆ రోజు అందరి ముందరన్నా చెప్పాల్సింది కదండీ.”

“ఆ రోజు చెప్పాల్సింది నేను కాదు మేస్త్రీ.”

అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. సెక్రటరీ దగ్గరికి వెళ్ళి నిజం చెప్తాను, తిరిగి వచ్చెయ్యండి అన్నాడు. వెళ్ళి చెప్పు, మంచిదే అంది, తను మాత్రం రానంది. పెట్టెలు విప్పేసిందట. గదిలో మూలనున్న పంపు చుక్క చుక్కగా కారుతోంది. అతను వెళ్ళి దాన్ని ఒకసారి బిగించి చూశాడు, ఆగలేదు.

మరుసటి ఆదివారం కొత్త సంచితో వెళ్ళాడు. కుట్లు కూడా మాయని సంచి, లోపల పనిముట్లు తప్ప ఏమీ లేవు. అయినా దాన్ని కింద గేటు దగ్గరే పెట్టి, ఏది కావాలంటే దానికోసం దిగి, వాషరు ఒకటి మార్చడానికి పదకొండుసార్లు మెట్లు ఎక్కి దిగాడు. ఆ ఇంటికి లిఫ్టు ఉంది.