వర్షిణి నగర్ బిజినెస్ కారిడార్

మా వర్షిణి నగర్ మూడో వీధి ఇకపై వీధి కాదనీ, అది దక్షిణ భారతదేశంలోనే మొట్టమొదటి ‘నివాస-వాణిజ్య సమ్మిళిత బిజినెస్ కారిడార్’ అనీ శ్రీ బదరీనారాయణ గారు ఉగాది వెళ్లిన వారానికి మైకులో ప్రకటించారు. ప్రకటించింది మా ఇంటి ముందు. మైకుకు కరెంటు మా ఇంట్లోంచే. ఆ విధంగా ఈ చారిత్రక ఘట్టంలో నాకు మొదటినుంచీ భాగం ఉంది.

నేను గుంతకల్లు డివిజన్‌లో ముప్పై నాలుగేళ్లు గూడ్సు గార్డుగా చేసి రిటైరైన మనిషిని. పచ్చజెండా ఊపడమే నా ఉద్యోగం. ఎర్రజెండా ఊపిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైనుంచి కాగితం వచ్చిందంటే చాలు, లేచి నిలబడి తీసుకుంటాను.

మా కాలనీకి వర్షిణి అని పేరు పెట్టినాయన ఎవరో గానీ గొప్ప ఆశాజీవి. బుక్కరాయసముద్రం దాటి, చెరువు కూడా కంటికి ఆనకుండా పోయాక వస్తుంది. మా వీధిలో నలభై ఇళ్లు, వారానికి రెండు నీళ్ల ట్యాంకర్లు. ఇక బదరీనారాయణ గారి గురించి చెప్పాలంటే, ఆయనకు టౌన్లో బట్టల షాపు, పార్టీలో పదవి, పట్టణ విస్తరణ మండలిలో సభ్యత్వం, మా వీధి మొదట్లో మూడంతస్తుల మేడ, మా వీధి చివర పదకొండు ఎకరాల బీడు ఉన్నాయి. ఆ బీడులో ఆయన షాపింగ్ కాంప్లెక్సు కట్టదలిచారు. దానికి అనుమతి రావాలంటే అరవై అడుగుల రోడ్డు ఉండాలి. మా వీధి ముప్పై అడుగులు. కమర్షియల్ వీధి అయితే అరవైకి వెడల్పు చేస్తారు. అయితే దీనికీ కారిడార్‌కూ సంబంధం ఉందనుకోవడం కుత్సితం. ఆ మాట ఆయనే మైకులో చెప్పారు, ఎవరూ అడగకముందే.

సభలో నోరు విప్పింది ఒక్క హనుమంతమ్మే. మా ఎదురింటావిడ. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. కలుపులు తీసి, వేరుశనక్కాయలు ఒలిచి, రెండు సెంట్ల పట్టా స్థలంలో రెండు గదులు లేపుకుంది.

“ఒగ మాట బదరన్నా. రోడ్డు అరవై అడుగులైతే నా ముందర గది యాడికి పోతాది?”

“పోదమ్మా, అభివృద్ధిలో కలుస్తుంది.”

“గోడలు గూడానా?”

“గోడలు మొదట కలుస్తాయి.”

“ఆ గదిలేకి నా బిడ్డ చౌడేశ్వరి శ్రావణానికి కానుపుకొస్తాది. మొదుటి కానుపు. బాలింతను యాడ పండబెట్టల్లప్పా?”

“ఎంత అదృష్టం!” అని బదరీనారాయణ గారు మైకు దగ్గరికి లాక్కున్నారు. “సోదరులారా, మన కారిడార్‌లో పుట్టబోయే తొలి కమర్షియల్ శిశువుకు నా శుభాకాంక్షలు!”

ఆయన వెంట తెచ్చుకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం హనుమంతమ్మ మా అరుగు మీద కూలబడితే నేనే ధైర్యం చెప్పాను. విస్తరణ మండలి రూలు నేను చదివాను. ఏ వీధిలోనైనా సగానికి మించిన ఇళ్లలో ఇప్పటికే వ్యాపారం నడుస్తుంటేనే దాన్ని కమర్షియల్‌గా మార్చాలి. మా వీధిలో నడిచేవి రెండే. సాయిగణేష్ చిల్లరంగడి, వనజాక్షి మిషను కుట్టే ఇల్లు. ఇంకా పంతొమ్మిది కావాలి.

“రూలు ఉండాది కదమ్మా. రూలు మన పక్కనే ఉండాది. నువ్వు గదికి సున్నం కొట్టించుకో పో,” అన్నాను.

ఆమె కొట్టించుకుంది. నా మాట మీదే కొట్టించుకుంది.

మే నెలలో సర్వే జరిగింది. నలభై మూడు డిగ్రీల ఎండ. కాకులు కూడా నడిచిపోతున్నాయి. సర్వే అధికారి దివాకర్ గారు జీపు దిగి, చేతిలో ట్యాబు పట్టుకుని, చేతిరాత బాగుండే స్థానిక సాక్షి కావాలన్నారు. బదరీనారాయణ గారు నన్ను చూపించారు. అంతమందిలో నన్నే చూపించారని ఆ పూట కొంచెం గర్వపడ్డాను కూడా.

ఇంతటి మర్యాదస్తుడైన అధికారిని నేను నా సర్వీసులో చూడలేదు. మాది ఎండిపోయిన సీమే గానీ, ఎండన పడి వచ్చిన మనిషిని గొంతు తడపకుండా పంపించే పాపం మా దగ్గర ఎవరూ చెయ్యరు. బిందెలో ఒక్క చెంబే మిగిలినా ఆ చెంబు వచ్చినోడిదే. దివాకర్ గారు ఏ గడప ముందు నిలబడినా లోపలినుంచి ఏదో ఒకటి వచ్చేది. ఆయన వద్దనకుండా తాగేవారు. తాగి, పది రూపాయల నోటు తీసేవారు.

హనుమంతమ్మ నీళ్ల మజ్జిగలో ఉప్పేసి, చెంబు తెచ్చిచ్చింది. ఆయన గటగటా తాగి, “ఎంతమ్మా?” అన్నారు.

“ఏంది ఎంత? మజ్జిగకు దుడ్లడుగుతారా యాడన్నా? నగుతారప్పా ఎవరన్నా ఇంటే.”

“ఊరికే తాగితే నాకు జీర్ణం కాదమ్మా,” అని ఆయన నోటు గోడ మీద పెట్టి, దాని మీద చెంబు పెట్టి, రెండూ కలిపి ఫోటో తీసుకున్నారు. ఆమె నోటు పట్టుకుని “ఓ సారూ, ఓ సారూ” అంటూ వెంటపడింది. జీపు నాలుగిళ్లు దాటిపోయింది.

అంబలి తాగినా పది, తలుపు నీడన కూర్చున్నా పది. ప్రతి చోటా ఫోటో. మనసున్న మనిషి, మన ఆతిథ్యాన్ని జ్ఞాపకంగా దాచుకుంటున్నాడు కాబోలనుకున్నాను. ఇంటింటికీ ఒక షీటు, షీటుకొకటి చొప్పున సాక్షిగా నా సంతకం. చదవలేదు. గార్డుగా ఉన్నప్పుడు కూడా వ్యాగన్లు తెరిచి చూసే అలవాటు లేదు. ముప్పై తొమ్మిది ఇళ్లయ్యాక నాకు కళ్లు తిరిగితే, మిగిలిన ఒక్క షీటు మీద ముందే సంతకం పెట్టేసి ఇంటికొచ్చి పడుకున్నాను.

నెల తిరక్కుండా పంచాయతీ ఆఫీసు బోర్డు మీద సర్వే ఫలితం అంటించారు. ఫోటోలతో సహా. మా వీధిలో ఇంత వ్యాపారం జరుగుతోందని ఇన్నేళ్లుగా అక్కడే ఉంటున్న నాకే తెలియదు. గొర్రెలు కాసే బాలప్ప తన రేకుల కింద జీపును కాసేపు నిలుపుకోనిచ్చాడు. అది ‘పార్కింగ్ యార్డు’ అయింది. లక్ష్మీదేవి ఇచ్చిన రాగి అంబలి ‘టిఫిన్ సెంటరు’. ట్యాబు చచ్చిపోతే అరుణజ్యోతి పాపం తన ఇంట్లో ప్లగ్గు పెట్టుకోనిచ్చింది. ఆమెది ‘చార్జింగ్ స్టేషన్’. తిప్పేష్ వాళ్లింట్లో సారుగారు దొడ్డికి వెళ్లారు, కాబట్టి ‘ప్రజా సౌకర్యాల కేంద్రం’. నేను పెన్ను అరువిచ్చినందుకు, సంతకాలు పెట్టినందుకు నాది ‘డాక్యుమెంటేషన్ కన్సల్టెన్సీ’.

జాబితాలో హనుమంతమ్మ ఇంటి నంబరుకు ఎదురుగా ‘హనుమంతమ్మ కూల్ డ్రింక్స్, రిటైల్’ అని ఉంది. ఆమెకు చదువు రాదు. నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. ఆమె నా మొహంలోకి చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి పదిహేను రోజులు గడువు. పద్నాలుగో రోజున విచారణ. ఏసీ గది. విచారణాధికారి లహరి మేడం చాలా ఓపికగా విన్నారు. బదరీనారాయణ గారు పక్క కుర్చీలో మండలి సభ్యుడి హోదాలో కూర్చున్నారు.

“దప్పికైనోనికి మజ్జిగిచ్చేది యాపారమా తల్లీ?” అంది హనుమంతమ్మ.

“ఊరికే ఇస్తే కాదమ్మా. డబ్బు తీసుకుంటే అవుతుంది. ఆయన పది రూపాయలు ఇచ్చారా?”

“నేనడగలా. గోడ మింద పెట్టి పోయినాడు.”

“మీరు తిరిగి ఇచ్చారా?”

“ఇయ్యల్లనే ఎనకాల పరిగెత్తినా. జీపు నిలపలా.”

“అంటే ఇవ్వలేదు.”

“ఇదో, తెచ్చినా!” అని ఆమె కొంగుముడి విప్పి, నలిగిన ఆ నోటును మేడం బల్ల మీద పెట్టింది. “నెల పొద్దునుంచి ముట్టుకోల్యా నేను. తీసుకోండి. నా గది నాకిడిసిపెట్టండి.”

మేడం నోటు వైపు, ఆ తర్వాత రూల్సు పుస్తకం వైపు చూశారు.

“రిఫండ్ ఇస్తున్నారన్నమాట. అంటే అమ్మకం జరిగినట్టు ఒప్పుకున్నట్టే,” అని రాసుకున్నారు.

నేను లేచాను. “మేడం, ఆ షీట్లు నేను చదవకుండా సంతకం పెట్టినాను. సాక్ష్యం వాపసు తీసుకుంటా,” అన్నాను.

“ఇది మీ సంతకమేనా?”

“నాదే.”

“చాలా అందంగా ఉంది,” అన్నారు మేడం. “కన్సల్టెన్సీ నడిపేవారు మాట మార్చకూడదండీ. క్లయింట్లకు నమ్మకం పోతుంది.”

బదరీనారాయణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “మా ఆడపడుచుల్లో ఇంత వ్యాపార దక్షత దాగి ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు. నేను వాళ్లకు నాయకుణ్ణి అనుకున్నాను. కాదు, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సినవాణ్ణి,” అన్నారు. ఆ మాటలు మినిట్స్‌లో కూడా రాశారు.

ఉత్తర్వు వచ్చేసింది. దాని వెనకే ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలని నోటీసులు, మీటర్లు కమర్షియల్‌కు మారుస్తామని కరెంటోళ్లు. లైసెన్సు లేకుండా అమ్మితే జరిమానా అట. అమ్మడమంటే ఏమిటో ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ వారం నుంచి మా వీధిలో గడపల మీద చెంబులు మాయమయ్యాయి. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు నీళ్లడిగితే లక్ష్మీదేవి వీధి అటూ ఇటూ చూసి, “రసీదు పుస్తకం ల్యాదు నాయనా” అని తలుపేసుకుంది. ఆ మాట అన్నందుకు రాత్రంతా నిద్రపోలేదని మా ఆవిడతో చెప్పుకుంది.

పోయే స్థలానికి పరిహారంగా హనుమంతమ్మకు ఒక బాండు ఇచ్చారు. దాన్ని బట్టి ఇంటి మీద అదనంగా ఒక అంతస్తు కట్టుకునే హక్కు ఉంటుంది. కింద ఉన్నది పడగొట్టాక పైది కట్టుకోవచ్చు. ప్రభుత్వం దూరం ఆలోచిస్తుంది.

శ్రావణ మాసంలో జేసీబీ వచ్చింది. చౌడేశ్వరికి ఆడపిల్ల పుట్టి పదకొండో రోజు. తల్లీబిడ్డలను వెనక గదిలోకి చేర్చారు. పొయ్యి, బియ్యం డబ్బా, ఉయ్యాల అన్నీ ఆ ఒక్క గదిలోనే. కొత్తగా సున్నం కొట్టిన గోడ కదా, పడినప్పుడు తెల్లటి దుమ్ము లేచింది. లోపల పసిబిడ్డ దగ్గింది. నేను మా అరుగు మీద నిలబడి చూశాను. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా. ఎర్రజెండా ఒకటి ఇంట్లోనే పెట్టెలో ఉంది. దాన్ని తీసే వయసులో తియ్యలేదు, ఇప్పుడు తీసి ఏం లాభం?

మా అరుగుతో సహా ఒక్కొక్క ఇల్లే పదిహేను అడుగులు వెనక్కి జరుగుతూ, జేసీబీ వీధి మొదటికి చేరింది. అక్కడ ఆగింది. రోడ్డుకు వేసిన సున్నపు గీత బదరీనారాయణ గారి మేడ దగ్గరకొచ్చేసరికి వంకర తిరిగి, ఎదుటి వైపు బాలప్ప రేకుల మీదుగా ఇంకో పదిహేను అడుగులు లోపలికి పోయి, మేడ దాటాక మళ్లీ తిన్నగా అయింది.

నేను దివాకర్ గారిని అడిగాను. “సార్, ఆ మేడ యాల పడగొట్టరు?”

“అది రెసిడెన్షియల్ అండీ. ఉత్తర్వులో ముప్పై తొమ్మిదే కమర్షియల్. వాణిజ్య రోడ్డు కోసం నివాస గృహాన్ని ముట్టుకోకూడదు.”

“ఈ వీధిలో అసలైన వ్యాపారి ఆయనే గదా సార్!”

“మేం సర్వేలో చూసిందే రాస్తామండీ,” అన్నారు దివాకర్ గారు, షీటు తీసి చూపిస్తూ. కింద నా సంతకం ముత్యాల్లా ఉంది. “ఆ గేటు ముందు అరగంట నిలబడ్డాను. బెల్లు కొట్టాను. గుక్కెడు నీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు.”

మధ్యాహ్నం జేసీబీ మా ఇళ్ల వైపు వెనక్కి తిరిగింది. దాని డ్రైవరు అభిలాష్ అని గుమ్మఘట్ట పిల్లోడు. పొద్దున్నుంచీ ముప్పై తొమ్మిది ఇళ్ల ముందు పనిచేశాడు, ఎవరూ పలకరించలేదు. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో దిగి, హనుమంతమ్మ కూలిన గోడ దగ్గర నిలబడి, “అమ్మా, నీళ్లు” అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. పడిపోయిన గది వైపు చూసింది. లోపలికి పోయింది. ఇక రాదనుకున్నాను.

కొంగు కింద ఏదో దాచుకుని వచ్చింది. వీధి అటు చూసింది, ఇటు చూసింది. దివాకర్ గారు మేడ దగ్గర టేపు చుట్టుకుంటున్నారు. రాళ్ల కుప్ప చాటుకు పిల్లోణ్ణి చెయ్యి పట్టుకుని లాగి, కొంగులోంచి చెంబు తీసి అతని చేతిలో పెట్టింది.

“బిరీన తాగప్పా,” అంది. “ఎవరన్నా చూస్తే ఉండే ఒగ గది గూడా పోతాది.”