ఆదినారాయణ ఉమ్మడి కుటుంబం

ఆ రోజు ఉదయం ఆదినారాయణ పథకం చాలా చిన్నది. పుంగనూరు నుంచి వచ్చే టమోటా లోడు దింపించి, తీరిగ్గా నెయ్యి దోసె తినాలి. మదనపల్లె మార్కెట్లో మండీ యజమాని అంతకంటే ఏం కోరుకుంటాడు?

టమోటాలు ఏరే మునిలక్ష్మమ్మ మాత్రం ఉగాది నుంచి అడుగుతున్నదే మళ్లీ అడిగింది. "గవర్నమెంటు చెప్పిన కూలన్నా ఇయ్యప్పా. కందిబేడలు కొనాలంటే బయమైతాండాది."

"సూద్దాంలేమ్మా" అన్నాడు, ఎప్పటిలాగే.

అంతలో కుప్పం నుంచి బావమరిది భానుప్రకాశ్ ఫోను. "బావా, లేబరు ఆఫీసరమ్మ మీ మార్కెట్టుకు వస్తాండాదంట. మనింట్లోనే ఉండి, మన మీదే బతికే కుటుంబమోళ్లకు కనీస వేతనం ఇయ్యాల్సిన పన్లేదంట. ఆ మాట గట్టిగా పట్టుకో."

ఆదినారాయణకు ప్రాణం లేచొచ్చింది. మండీలో అందరూ ఒకరినొకరు పెద్దమ్మా, అన్నా అనే పిలుచుకుంటారు. వరసలు సిద్ధంగానే ఉన్నాయి.

"మేడమ్ అడిగితే నువ్వు మా పెద్దమ్మవు. ఫర్జానా నా చెల్లెలు" అని మునిలక్ష్మమ్మకు, ఆమె పక్కనే టమోటాలు ఏరుతున్న పిల్లకు చెప్పాడు.

"ఈ సంగతి మా నాయనకు తెలుసునా అన్నా?" అంది ఫర్జానా.

ఆఫీసరు సంగీత వచ్చి, వరసలన్నీ ఓపిగ్గా విన్నది. "అందరూ మీ ఇంట్లోనే ఉంటారా?"

"ఒకే పొయ్యి మేడమ్."

"సంతోషం. మధ్యాహ్నం వచ్చి ఇల్లు చూస్తాను."

ఇంకేముంది, ఇద్దరినీ ఆటోలో కుక్కి ఇంటికి తోలుకుపోయాడు. మునిలక్ష్మమ్మ వాలుకుర్చీలో కూర్చుని సంగటిలో ఉండలున్నాయంది. ఫర్జానా టీవీ రిమోటు పట్టుకుంది.

"ఎవరయ్యా వీళ్లు?" అంది అతని భార్య మాధవీలత.

"సాయంత్రం దాకా సుట్టాలు. నోరు మూసుకో."

సంగీత వచ్చి మజ్జిగ తాగి, లేవబోయింది. అప్పటికి ఓ కునుకు తీసిన మునిలక్ష్మమ్మ హుషారుగా అడిగింది. "నాయనా, అందరం ఒకే కుటుంబం కదా. మండీలో నా వాటా ఎప్పుడు పంచుతావు? మేడమ్ ఉండంగానే తేలిపోతే మేలు."

"నాకు మిద్దె మీద గది సాలన్నా. గాలొస్తాది" అంది ఫర్జానా.

మాధవీలత మొగుడి వైపు ఉరిమి చూసింది.

"వీళ్లు నా సుట్టాలు కాదు మేడమ్. కూలోళ్లు. మండీలో పని చేసేటోళ్లు" అన్నాడు గబగబా.

"అయితే కూలి గురించి మాట్లాడుకుందాం" అంటూ సంగీత మళ్లీ కూర్చుంది.

ఆ వారమే సర్కారు కూలి, పాత బాకీతో సహా వాళ్ల చేతికొచ్చింది. మునిలక్ష్మమ్మ సంతోషం పట్టలేక, కందిబేడలతో పాటు లడ్లు కూడా కొని మండీ అంతా పంచింది. "తినప్పా" అంటూ ఆదినారాయణ చేతిలోనూ ఒకటి పెట్టింది.

అప్పట్నుంచి ఆదినారాయణ మండీలో ఎవరినీ వరస పెట్టి పిలవడం లేదు. టమోటాలు ఏరే ఆడవాళ్లందరూ ఆయనకు మేడమ్‌లే.