పాతాళానికి పోయిన పెడల్

సహస్రకిరణుడు నడినెత్తిన నిలిచి నిప్పులు చెరుగుతున్న ఆ ఘోర మధ్యాహ్నవేళ, ఇంటి గేటు ముందు, హిమామృతభాండ పరిపూర్ణమైన పికప్ రథంలో, ఐస్‌క్రీం వ్యాపారి వామపాదం మోపిన క్లచ్ పెడల్ పాతాళానికి పోయి మరి లేవలేదు!

గేరు పడలేదు. బతిమాలినా పడలేదు, తిట్టినా పడలేదు. వెనక పెట్టెల్లో మంచు కరగడం మొదలైంది. బడి చివరి గంట మోగేలోగా కూతురి తరగతికి ఐస్‌క్రీం తెస్తానన్నది ఆ మహారథి ప్రతిజ్ఞ. ఇంతకుముందు ఆటల పోటీకి ఆలస్యంగా వెళ్ళాడు, నాటకానికి తెర దించాక వెళ్ళాడు. "ఈసారీ రావులే నాన్నా" అని పొద్దున్న ఆ పిల్ల నవ్వుతూనే అంది. ఆ నవ్వు నిశితశరమై తండ్రి గుండెలో ఇంకా దిగే ఉంది.

రెంచి ధరించి, గోనెపట్టా పరచి, రథం కిందికి వెల్లకిలా దూరిన వీరుడికి గేరుపెట్టె పక్కనే శత్రువు జాడ దొరికింది. పెడల్ తొక్కిన బలాన్ని అక్కడిదాకా మోసుకొచ్చే నూనె గొట్టం చిట్లింది. నూనె కారిపోయిన చోట గాలి కోట కట్టుకుంది! పనిముట్ల పెట్టెలో దాచి ఉంచిన కొత్త గొట్టం బిగించాడు, నూనె నింపాడు. ఇక గాలిని తరిమికొట్టాలి. పైన ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, కింద ఒకరు మర వదులుచేసి బుడగల్ని వెళ్ళగొట్టాలి.

సారథి పీఠాన్ని అధిష్ఠించినవాడు బావమరిది. ఏ పని చెప్పినా "అందులో నాకు అనుభవం ఉంది" అంటాడు గనుక వీధంతా అతణ్ణి 'అనుభవం' అనే పిలుస్తుంది.

"తొక్కరా!"

"తొక్కాను బావా! ఘాట్ రోడ్డు మీద లారీలో దిగినవాణ్ణి, నాకు చెప్పాలా?"

"పట్టుకో!"

"ఉడుంపట్టు పట్టాను!"

మర వదిలాడు. బుడగ లేదు, చుక్క లేదు. మళ్ళీ బిగించి, మళ్ళీ అరిచి, మళ్ళీ వదిలాడు. అదే శ్మశాన నిశ్శబ్దం.

"తొక్కుతున్నావా, కునుకు తీస్తున్నావా?"

"ఇంకా గట్టిగా తొక్కితే బండి అడుగు ఊడి నీ నెత్తిన పడుతుంది బావా!"

అయితే పెడల్ దగ్గర నూనెను కిందికి నెట్టే సిలిండరే చచ్చిందా? చస్తే ఇక తాడు కట్టి ఈడ్చుకుపోవడమే. ఆ విషాదవేళ, బండి పలకల సందులోంచి ఒక చుక్క జారి వీరుడి పెదవి మీద పడింది. వెనిలా! ప్రతిజ్ఞ బొట్టుబొట్టుగా కారిపోతోంది!

అంతలో గేటు దగ్గరినుంచి అర్ధాంగి కంఠం వినిపించింది.

"ఏమండీ, మీరు కేకేసినప్పుడల్లా బండి వెనకాల ఎర్రదీపాలు వెలుగుతున్నాయేం?"

రెంచి చేతిలోనే ఆగిపోయింది. ఎర్రదీపాలు! క్లచ్ తొక్కితే వెలగని దీపాలు! బ్రేకుకు మాత్రమే పలికే దీపాలు!

"నీ తమ్ముణ్ణి దింపి నువ్వెక్కు," అన్నాడు వీరుడు, భయంకరమైన శాంతంతో. "ఎడమ చివరన ఉన్నది తొక్కిపట్టు."

"తొక్కాను. కానివ్వండి."

మర వదలడమే తరువాయి, బుస్సుమంటూ, బుళబుళమంటూ, పరాజిత వాయుసేన బుడగలు బుడగలుగా పలాయనం చిత్తగించింది! తొక్కి, వదిలి, బిగించి, మళ్ళీ తొక్కి, చివరికి బుడగ లేని నూనె ధార కనిపించేసరికి పెడల్ పాతాళం విడిచి పైకి లేచింది. టక్! అష్టదిక్కులూ ఆలకించుగాక: మొదటి గేరు పడింది!

చివరి గంట మోగుతుండగా రథం బడి ముందు ఆగింది. అంచులు కరిగినా, నడుమ గట్టిగానే ఉన్న ఐస్‌క్రీం మీద పిల్లలు దండెత్తారు.

"వచ్చేశావే నాన్నా!" అని తండ్రి మసి చొక్కాను చుట్టేసిన కూతురు, ఐస్‌క్రీం కప్పు వెనక మొహం దాచుకుంటున్న మేనమామను చూసింది. "బండి బాగుచేసింది నువ్వేనా మామయ్యా?"

తండ్రి గొంతు సవరించుకున్నాడు. అనుభవం కప్పు దించాడు.

"కాదమ్మా, ఆలస్యం చేసింది నేను. మూడు పెడల్స్ ఉన్నాయి కదా, మధ్యది కాస్త పెద్దమనిషిలా కనిపించింది, దాన్నే తొక్కాను. నాకు డ్రైవింగ్ రాదు. ఘాట్ రోడ్డు మీద లారీలో వచ్చింది మాత్రం నిజమే... వెనకాల, టమాటా బుట్టల మీద పడుకుని."