తండ్రి తిండి ఊసెత్తకండి

బిడ్డను మోసేది తల్లి. కాబట్టి ఆ బిడ్డకు వచ్చే ప్రతి రోగానికీ తల్లి తిండే కారణం. ఇంత చక్కటి ఏర్పాటు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు బాన్సువాడ బస్టాండు ముందు విగ్రహం పెట్టాలి. ఆయన మగవాడేనని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో ఈ ఏర్పాటు ఇరవై తొమ్మిదేళ్లు చెక్కుచెదరకుండా నడిచింది. మా అబ్బాయి బిట్టు చిన్నప్పుడు బొద్దుగా ఉంటే అది మా ఆవిడ పోసవ్వ తిండి వల్లే. బడిలో పరుగెత్తలేక కూర్చుండిపోతే అదీ ఆమె వల్లే. ఇరవై ఏడో ఏట వాడికి షుగరొచ్చింది. బీర్కూర్ నుంచి చుట్టాలు పరామర్శకు దిగారు. వాళ్లకు కారణం నేనే చెప్పాను.

"వీడు కడుపుల ఉన్నప్పుడు ఇది బుట్టలకు బుట్టలు మామిడిపండ్లు తిన్నది."

నిజానికి తిన్నది రెండో మూడో. లెక్కపెట్టిందెవరు? పోసవ్వ లేచి లోపలికి వెళ్లిపోయింది. తప్పు ఒప్పుకోవడమంటే అదే కదా!

ఇంత సజావుగా సాగుతున్న సంసారంలో సైన్సు వేలు పెట్టింది. పోయినేడాది బిట్టూ, మా కోడలు సింధుజా పిల్లల్ని కందామనుకుని డాక్టర్ విజయశ్రీ దగ్గరికి వెళ్లారు. పెద్దవాళ్లం కదా, పోసవ్వా నేనూ వెంట వెళ్లాం. ఆ డాక్టరమ్మ కోడలితో నాలుగు మాటలు మాట్లాడి, కుర్చీ బిట్టు వైపు తిప్పింది.

"నువ్వు రోజూ ఏం తింటావు?"

ముప్పై ఏళ్ల అనుభవంలో నేనెన్నడూ వినని ప్రశ్న. బిట్టు నిజాయితీగా జవాబిచ్చాడు. పొద్దున పూరీ, పదకొండింటికి మిర్చి బజ్జీ, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం కూల్‌డ్రింకు. "రాత్రి మాత్రం లైటే మేడం. నాలుగు పరోటలు, అంతే."

మూడు నెలలు తిండి మార్చు, రోజూ నడువు, షుగరు గోలీలు మానకు, ఆ తరవాతే బిడ్డ సంగతి అందావిడ.

నేనూరుకోలేదు. "కనేది కోడలు గద డాక్టరమ్మ. వీని కడుపు మాడిస్తె ఏమొస్తది?"

"మగవాళ్లలో బీజం తయారవడానికి రెండున్నర, మూడు నెలలు పడుతుంది. అప్పుడు తండ్రి తినే తిండి కూడా పుట్టబోయే బిడ్డ బరువు మీద, షుగరు మీద ప్రభావం చూపొచ్చు. ఎలుకల్లో అది కనబడింది. మనుషుల్లో ఇంకా పరిశోధిస్తున్నారు."

ఎలుకలు! నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంటి ఎలుకలు తరతరాలుగా మా వడ్లు తిని బతుకుతున్నాయి. ఒక్కదానికీ షుగరు రాలేదు. పరీక్ష చేయించలేదనుకోండి.

అంతలో పోసవ్వ నోరు విప్పింది. "గట్లయితె ఒక్క ముచ్చట చెప్పు డాక్టరమ్మ. వీడు నా కడుపుల పడకముందు వీళ్ల బాపు ఏం తిన్నడో గదిగూడ చూడాల్నా?"

"చూడాలమ్మా. అదొక్కటే కారణమని చెప్పలేం. నీ తిండొక్కటే కారణమని కూడా ఎవరూ చెప్పలేరు."

"నాకు గీ మాట ఇంతవరకు ఎవ్వలు చెప్పలే" అంది పోసవ్వ.

ఇంటిదారి పొడుగునా నేను ఆలోచించాను. పెళ్లయిన ఏడాది నేనేం తిన్నాను? అది చెరుకు గానుగ ఆడే కాలం. పొద్దుటినుంచీ వేడి బెల్లం. సాయంత్రమైతే కల్లు, దాంట్లోకి వేయించిన మేకపేగుల బోటి. అప్పట్లో దాన్ని మగతనం అనేవారు. సైన్సు అనేవారు కాదు.

ఇంటికొచ్చాక బిట్టును ఈ పథ్యం నుంచి కాపాడాలని చూశాను. "ఇద్దరు ఆడోళ్లు చెప్తె పస్తులుంటవారా?" అన్నాను.

"నాకు పుట్టెటోళ్లకు గీ గోలీల బతుకు వద్దు బాపు" అన్నాడు.

రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచాడు. సింధుజ తోడు నడిచింది. ఒకరోజు నేను వేడివేడిగా మిర్చి బజ్జీలు తెచ్చి వాడి ముందు పెట్టాను. వాసన చూసి నా వైపే జరిపాడు. వృథా చేయడం ఇష్టంలేక నేనే తిన్నాను. మూడు నెలల్లో వాడు ఏడు కిలోలు తగ్గాడు. ఇప్పుడు సింధుజకు అయిదో నెల. పుట్టే బిడ్డకు షుగరు రాదని డాక్టరమ్మ హామీ ఏమీ ఇవ్వలేదు. అయినా వాడు నడక ఆపలేదు.

పోయిన ఆదివారం పెద్ద కొడప్‌గల్ నుంచి మా బావ నర్సింలు వచ్చాడు. బిట్టు గోలీ వేసుకోవడం చూసి, "గింత చిన్న వయసుల నీకు షుగరెట్లొచ్చెరా అల్లుడా?" అనడిగాడు. అలవాటు ప్రకారం నేను గొంతు సవరించుకున్నాను.

"నన్ను గన్న అవ్వ దిక్కు చూడకు మామ. నేను పుట్టకముందు ఏం తిన్నడో బాపునడుగు" అన్నాడు బిట్టు.

నర్సింలు నా వైపు చూశాడు. కోడలూ చూసింది. పోసవ్వ మాత్రం తలెత్తకుండా చిక్కుడుకాయలు తుంచుతోంది.

ఆ గానుగ రోజుల్లో నా పక్కనే కూర్చుని కల్లు తాగిన నర్సింలు ఊరుకునే మనిషి కాదు. వారం తిరగకుండానే చుట్టాలందరికీ తెలిసింది. ఎవరు ఎదురైనా నా బెల్లం గురించే, నా కల్లు గురించే. "అదొక్కటే కారణం కాదు, ఇంకా ఎన్నో ఉంటయి, డాక్టరమ్మనే చెప్పింది" అని వివరించబోతాను. ఒక్కరూ ఆగి వినరు. ఎంత అన్యాయం! అందుకే శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఈ పరిశోధన ఇంతటితో ఆపండి. వారానికే నాకు అన్నం సయించడం లేదు.

ఇరవై తొమ్మిదేళ్లు ఈ నిందను ఎట్లా మోశావని పోసవ్వను అడుగుదామనుకున్నాను. రెండుసార్లు వంటింటి గుమ్మందాకా వెళ్లాను. అడగడానికి మొహం చెల్లలేదు.